కరణియు కాలిక్యులేటరును

ఎనిమిది స్థానముల కాలిక్యులేటరులో 2 అంకెను నొక్కి, పిదప వర్గమూలపు మీటను నొక్కినచో 1.4142135 అని కనబడును. యంత్రమును తుడిచి, ఆ యంకెలనే మరల నొక్కి, వానిని వానితోనే గుణించినచో 2 రాదు, 1.9999998 వచ్చును. ఇందు యంత్రము చేసిన తప్పేమియు లేదు. వర్గమూలము వేరు, దానికి సమీపమున నిలిచెడు దశాంశ రూపము వేరు. ఈ భేదమును యంత్రము చెప్పజాలదు. మన శాస్త్రభాష చెప్పగలదు. అందులకు దాని యొద్ద కరణి యను ప్రాచీన పదము కలదు.

శుల్బసూత్రములలో కరణి మొదట సంఖ్యావాచకము గాదు. చతురస్రమును 'చేయు' త్రాడు, అనగా భుజము, అని దాని యర్థము. ద్వికరణి యనగా రెట్టింపు వైశాల్యముగల చతురస్రమును కల్పించు భుజము. అదియే మొదటి చతురస్రమునకు కర్ణము. తరువాతి గణితమున ఈ పదమే నిశ్శేషముగ మూలము రాని రాశికి పేరయ్యెను. వేదిపై త్రాటిని చాచినచో ద్వికరణి సంపూర్ణముగ లభించును. అంకెలలో వ్రాయబూనినపుడే శేషము మిగులును.

తెలుగు పాఠ్యగ్రంథములలోని కరణీయ సంఖ్య, అకరణీయ సంఖ్య యను పేరులు దీనినుండి వచ్చినవే. భిన్నరూపమున వ్రాయ వీలుకానిది కరణీయము, వీలైనది అకరణీయము. సంస్కృతము నెఱిగిన పాఠకుడు 'కరణీయ' మనగా చేయదగినదని తలచి, అర్థమును తలక్రిందులు చేసికొనుట సహజము. హిందీలో పరిమేయ, అపరిమేయ పదములు వాడుకలో నున్నందున, అచ్చటి పండితునకు ఈ చిక్కు మఱింత హెచ్చు: అతని 'అ'కారము ఏ సంఖ్యను తెలుపునో, మన 'అ'కారము దాని ప్రతిపక్షమును తెలుపును. బహుభాషా నిఘంటువులను కూర్చువారు ఈ జంటలను వరుసలో నిలుపునపుడు జాగ్రత్త వహింపవలెను.

ఇక విలువ సంగతి. ఆంధ్రదేశమున బహుళముగ అనుసరింపబడు ఆపస్తంబసూత్రమున ద్వికరణికి ఒక విధి కలదు. బౌధాయనుడును దానినే చెప్పెను. భుజమునకు దాని మూడవవంతును, ఆ వంతులో నాలుగవవంతును కలిపి, ఈ చివరిదానిలో ముప్పదినాలుగవవంతును తీసివేయవలెను. లెక్కింపగా 577/408, అనగా 1.41421568... ఐదు దశాంశ స్థానముల వఱకు ఇది సరియైన విలువతో ఏకీభవించును. సూత్రకారులు దీనికి పెట్టిన పేరు సవిశేషము. విశేషమనగా నిచ్చట అధికాంశము. ఆ విలువను వారెట్లు సాధించిరో సూత్రములు చెప్పవు.

వర్గమూలపు మీట లేని చౌక కాలిక్యులేటరుతో గూడ మూలమును కనుగొనవచ్చును. ఏదేని యొక ఊహను గ్రహించి, దానితో 2ను భాగించి, ఊహకును లబ్ధమునకును సగటు తీసి, ఆ సగటునే క్రొత్త ఊహగా గ్రహింపవలెను. ఊహ 3/2 అనుకొందము. లబ్ధము 4/3, సగటు 17/12. మఱియొక పర్యాయము చేయగా 17/12, 24/17 ల సగటు 577/408, సూత్రములలోని విలువయే! మూడవ పర్యాయమున యంత్రముపై 1.4142135 కనబడును. గ్రీకు గణితజ్ఞుడు హీరోను పేర ప్రసిద్ధమైన పద్ధతి యిది. 499లో ఆర్యభటుడు చెప్పిన మార్గము వేరు. సంఖ్యాస్థానములను వర్గ, అవర్గములుగ విభజించి, మూలమును అంకె తరువాత అంకెగ రాబట్టును. కాగితముపై వర్గమూలము తీసిన పాతతరమువారు పాఠశాలలో నేర్చినది దీని వంశములోనిదే.

9వ శతాబ్దమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలములోని మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున వర్గమూలమును ఎనిమిది పరికర్మలలో నొకటిగ నిరూపించెను. ఆ గ్రంథమునే పావులూరి మల్లన సారసంగ్రహ గణితముగ తెనిగించుటతో శాస్త్రగణితము తెలుగు పద్యమున కెక్కినది. మహావీరుని మాట యొకటి గమనింపదగినది: ఋణరాశి స్వభావతః వర్గము గాదు, కావున దానికి వర్గమూలము లేదు. నేటి చిన్న కాలిక్యులేటరులో ఋణసంఖ్య నుంచి మూలపు మీటను నొక్కినచో దోషచిహ్నము మాత్రమే వచ్చును. కారణము చెప్పినవాడు మహావీరుడు.