కుండ రుచి, పీపా రుచి

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రము వైపు సాగుతుంది. ఆ పాయల నడుమనున్న భూమియే దివిసీమ. అవనిగడ్డ నుండి నాగాయలంక వైపు గాని, కోడూరు వైపు గాని పోయేవారికి గట్ల మీద తాటిచెట్లు కనబడతాయి. వేకువజామున గీత కార్మికుడు మోకు, ముస్తాదు, కత్తి తీసుకొని చెట్టెక్కి, గెల కొనను పలుచగా చెక్కి, రాత్రి కట్టిన కుండను దించుతాడు. ఆ కల్లు ఉదయము తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేసరికి నాలుకను చురుక్కుమనిపిస్తుంది. సాయంత్రానికి పులుస్తుంది. మరునాటికి ముక్కు దగ్గర పెట్టుకోలేనంత ఘాటెక్కుతుంది. చెట్టు ఒకటే, రసము ఒకటే. ఇన్ని రుచులు ఎక్కడి నుండి వచ్చినవి?

గెల నుండి కారే రసములో నూటికి 10 నుండి 15 పాళ్ళ వరకు చక్కెర ఉంటుంది. అప్పటికి దానిలో పులుపు గాని, ఆల్కహాలు గాని లేవు. అటువంటి తీపి కోసము కాచుకొన్న సూక్ష్మజీవులు గాలిలోను, ఈగల కాళ్ళ మీదను, కత్తి అంచునను ఉన్నవి. అన్నిటికంటె ఎక్కువగా కుండలోనే ఉన్నవి. మొదట లాక్టికామ్లమును తయారుచేసే బాక్టీరియాలు విజృంభిస్తాయి. ఇవి పాలను పెరుగుగా తోడుపెట్టే వాటికి దగ్గర చుట్టాలు. రసము కొంచెము పులియగానే, ఆ పులుపును ఓర్చుకొనగల ఈస్టు ముందుకు వచ్చి చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను విడగొడుతుంది. కల్లులోని నురుగు, నాలుక మీది చురుకు ఈ వాయువు వలననే. ఒక్క రోజులో ఆల్కహాలు నూటికి 4, 5 పాళ్ళకు చేరుతుంది. ఆ తరువాతి వంతు ఎసిటికామ్ల బాక్టీరియాలది. అవి గాలిలోని ప్రాణవాయువు సాయముతో ఆల్కహాలును వినిగరుగా మార్చివేస్తాయి.

కల్లు తెల్లగా ఉండుట రసము గుణమని చాలామంది అనుకొంటారు. అది సరి కాదు. చెట్టు నుండి కారిన రసము దాదాపు నీటివలె తేటగా ఉంటుంది. ఆ తెలుపు అందులో లెక్కకు మిక్కిలిగా తేలియాడే సూక్ష్మజీవుల మూలముగా వచ్చినది.

కొత్త కుండలో కల్లు నెమ్మదిగా పులుస్తుంది, పాత కుండలో త్వరగా పులుస్తుంది. మట్టి గోడలోని సన్నని రంధ్రాలలో నిన్నటి ఈస్టు దాగి ఉంటుంది, అడుగున మిగిలిన మడ్డి తోడు వేసినట్లు పనిచేస్తుంది. ఆవకాయను నున్నని పింగాణి జాడీలో పెట్టే ఇల్లాలికి ఈ సంగతి తెలియనిది కాదు. జాడీ తనదేమీ కలుపదు, ఇతరులది ఏదీ దాచుకొనదు. కుండ లోపల సున్నము పూస్తే కథ మారుతుంది. సున్నపు క్షారములో సూక్ష్మజీవులు పెరుగలేవు గనుక రసము తియ్యగానే నిలుస్తుంది. తాటిబెల్లము కాచేది ఆ రసముతోనే.

పాత్ర రుచిని శాసించే ఈ వింతను పడమటి దేశాలవారు కొయ్య పాత్రలో చూచారు. ఇంగ్లీషువారు 1611లో మచిలీబందరులో వర్తక స్థానము నెలకొల్పిన కాలములో ఓడలలో మద్యము కొయ్య పీపాలలోనే ప్రయాణము చేసేది. పీపా అనే మాట పోర్చుగీసు భాష నుండి మనకు వచ్చినదే. నేడు చిన్న చిన్న బీరు కార్ఖానాలవారు స్టౌటు అనే నల్లని బీరును ఓకు మ్రాను పీపాలలో, పండ్లతో కలిపి, నెలల తరబడి నిలువ ఉంచుతున్నారు. దివిసీమ కుండలో ఒక పగటిలో ముగిసే నాటకమును అక్కడ ఏడాది పొడవున ఆడిస్తారన్నమాట.

స్టౌటుకు నలుపు, కాఫీని పోలిన చేదు వేయించిన బార్లీ వలన వస్తాయి. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాడకుండా నల్లగా వేయించే డోలుకు 1817లో డేనియల్ వీలర్ అనే ఇంగ్లీషువాడు పేటెంటు పొందాడు. పీపా చేర్చేది వేరు. అమెరికాలో బూర్బను విస్కీని లోపల కాల్చిన కొత్త ఓకు పీపాలలోనే నిలువ ఉంచాలని చట్టము. ఒకసారి వాడిన పీపా ఆ పనికి మరల పనికిరాదు గనుక బీరు చేసేవారు దానిని కొనుక్కుంటారు. కొయ్యలోని లిగ్నిన్ వేడికి విడిపోయి వెనిలా వాసన గల వెనిలిన్‌ను ఇస్తుంది. ఓకులోని లాక్టోనులనే పదార్థాలది అచ్చముగా కొబ్బరి వాసన. కోనసీమవాసి వాసన చూస్తే కొబ్బరి కలిపారేమో అనుకొనగలడు! కొయ్య సందుల నుండి గాలి మిక్కిలి కొద్దిగా లోనికి దిగి, కరకుదనమును తగ్గిస్తుంది.

కొయ్య రంధ్రాలలోను కాపురమున్నవారు ఉన్నారు. డెన్మార్కులోని కార్ల్స్‌బర్గు ప్రయోగశాలలో పనిచేసిన క్లౌసెన్, నిలువ ఉంచిన ఇంగ్లీషు బీర్ల ప్రత్యేక వాసనకు కారణమైన ఒక ఈస్టును వేరుచేసి 1904లో ప్రకటించాడు. దానికి బ్రెటనోమైసిస్ అని పేరు, అనగా బ్రిటిషు శిలీంధ్రము. తోలును తలపించే వాసన దీని పని. ఇక చెర్రీ వంటి పండు వేస్తే, దాని చక్కెర మరల పులిసిపోయి పులుపు మాత్రము మిగులుతుంది. గింజ నుండి చేదుబాదము వాసన దిగుతుంది. పండు వేసినంత మాత్రాన పానీయము తియ్యగా ఉంటుందనుకొనుట పొరపాటు.

ఈ వాసనలను పట్టేది ముక్కు. ముక్కు మూసుకొని గుక్క త్రాగితే పులుపు, చేదు, తీపి మాత్రమే తెలుస్తాయి. ముక్కు వదలగానే గొంతు వెనుక నుండి ఆవిరి పైకి పోయి కాఫీ, కొబ్బరి, బాదము అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. మంచువలె చల్లగా ఉంటే ఆవిరి లేవదు. అందుచేత ఇటువంటి బీరును 12 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర రుచి చూస్తారు.

మరి కల్లును పీపాలో ఎందుకు నిలువ చేయరాదు? బీరు రసమును ముందుగా మరిగిస్తారు. హాప్ పువ్వులు వేస్తారు. వాటి చేదు చాలా బాక్టీరియాలను అడ్డుతుంది. 1883లో హాన్సెన్ చూపిన మార్గమున ఏరి పెంచిన ఈస్టును చేరుస్తారు, చల్లని చోట మూసి ఉంచుతారు. తెరచిన కుండలో, 30 డిగ్రీల వేడిలో, పిలువకుండానే వచ్చిన సూక్ష్మజీవులతో పులిసే కల్లుకు ఈ కట్టుబాట్లు ఏవీ లేవు. పీపా యజమాని తన సరకును ఏడాదికి అమ్మి ఎక్కువ ధర తీసుకొంటాడు. ప్రాణాలకు తెగించి చెట్టెక్కినవాడు మాత్రము పొద్దు వాలేలోగా అమ్ముకొనాలి.

ఈ తొందరలోనే మోసానికి చోటు దొరికినది. కొన్ని ప్రాంతాలలో నీళ్ళు కలిపి, శాకరినుతో తీపి తెచ్చి, మత్తు కోసము క్లోరల్ హైడ్రేటు, డయాజెపామ్, ఆల్ప్రాజొలామ్ వంటి నిద్రమందులు కలుపుతున్నారు. అలవాటుపడినవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛలు వస్తాయి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించారు. తీపి, పులుపుల పాళ్ళను బట్టి కల్లు దించిన వేళను చెప్పగల నాలుక సైతము శాకరిను ముందు మోసపోతుంది.

రసమును పులియనీయక నీరాగా అమ్ముట మరొక దారి. పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన స్థానములో తాటి నీరాపై కృషి జరిగినది. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థవారు కొబ్బరి గెల కోసము మంచుగడ్డలు పేర్చిన పెట్టెను రూపొందించారు. రసము కారుతున్నప్పుడే అందులో చల్లబడుతుంది, సున్నముతో పని లేదు. హైదరాబాదులో హుస్సేనుసాగరు ఒడ్డున 2023లో నీరా కేఫు తెరిచారు. అక్కడి గ్లాసులోని రసము తేటగా, తియ్యగా ఉంటుంది. నురుగు లేదు, చురుకు లేదు. పాత కుండ రుచి మరిగినవారికి మొదటి గుక్క కొంచెము చప్పగా తోచవచ్చు.