ఇంటి ఇంటర్నెట్టు వేగమును కొలుచుట

మండల కచేరీ ఆవరణలో వర్షమాపకము ఒకటి ఉండును. ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు అందులోని నీటిని కొలిచి, ఎన్ని మిల్లీమీటర్లో పుస్తకమున వ్రాయుట ఆచారము. అనంతపురము సీమలో ఏడాది మొత్తమునకు పడు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ పైరు నిలుచునా ఎండునా అన్నది ఒకటి రెండు వానలపై ఆధారపడి ఉండును. కాబట్టి ఈ కొలతలో పొరపాటు రాకుండ కొన్ని నియమములు పాటింతురు. మాపకమును చెట్టు క్రిందను, గోడ ప్రక్కను ఉంచరు. కొలుచు వేళను మార్చరు. ఒక్కనాటి వానను చూచి ఆ యేడు మంచిదని గాని, చెడ్డదని గాని తేల్చరు. నేడు పలుచోట్ల తమంతట తామే కొలిచి లెక్క పంపు యంత్రములు వచ్చినను ఈ నియమములు మారలేదు.

ఇప్పుడు పల్లెలలోని ఇండ్లకు గూడ మరియొక ప్రవాహము వచ్చుచున్నది. అదియే ఇంటర్నెట్టు. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు పాఠములు దీని ద్వారానే నడచినవి. ప్రవేశపరీక్షల దరఖాస్తులు, పరీక్షా ఫలితములు, పంటల ధరలు, వాతావరణ సూచనలు దీని ద్వారానే అందుచున్నవి. దీనికై ప్రతి కుటుంబము నెలనెలా డబ్బు చెల్లించుచున్నది. అయినను, చెల్లించిన దానికి తగిన ప్రవాహము ఇంటికి వచ్చుచున్నదా లేదా అని కొలిచి చూచువారు తక్కువ. కొలిచినవారు గూడ పలువురు సెల్‌ఫోనులో ఒక్కసారి చూచి, కంపెనీ మోసము చేసినదనియో, అంతా బాగున్నదనియో నిశ్చయించుచున్నారు. ఇది చూరు క్రింద పాత్ర పెట్టి వానను కొలుచుట వంటిది.

వేగము అను మాటకు అర్థము

మొదట ఈ మాటనే పరిశీలింపవలెను. ఇంటర్నెట్టు వేగము అని వ్యవహరించునది నిజమునకు వేగము కాదు. గాజుపోగులో, అనగా ఆప్టికల్ ఫైబరులో, కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. తక్కువ ధర పథకము తీసికొన్నవాని ఇంటికైనను, ఎక్కువ ధర పథకము తీసికొన్నవాని ఇంటికైనను కాంతి ఈ వేగముతోనే వచ్చును. వేరగునది సెకనుకు వచ్చు సమాచారపు పరిమాణము. తుంగభద్ర ఎగువ కాలువలో ఎంత నీరు పారుచున్నదో క్యూసెక్కులలో చెప్పుదురు. ఒక క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అట్లే సమాచార ప్రవాహమును సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని చెప్పుదురు.

బిట్ అనగా సమాచారములో అతి చిన్న తునక. అది సున్న గాని, ఒకటి గాని అగును. ఎనిమిది బిట్లు కలిసి ఒక బైట్ అగును. కంపెనీవారు ప్రవాహమును మెగాబిట్లలో చెప్పుదురు. సినిమా, పాఠము, చిత్రము మొదలగువాని పరిమాణము మాత్రము మెగాబైట్లలో ఉండును. ఈ భేదము తెలియకపోవుటచేతనే సగము అపోహలు కలుగుచున్నవి.

ఒక ఇంటివారు 15 మెగాబిట్ల పథకము తీసికొన్నారనుకొనుడు. దానిని 8తో భాగించినచో సెకనుకు 1.875 మెగాబైట్లు వచ్చును. 300 మెగాబైట్ల వీడియో పాఠము దిగుటకు 160 సెకనులు, అనగా 2 నిమిషముల 40 సెకనులు పట్టును. సెకనుకు 2 మెగాబిట్లే వచ్చు ఇంటిలో అదే పాఠమునకు 20 నిమిషములు పట్టును. సమాచారపు తునకలపై చిరునామాలవంటి అదనపు వివరములు గూడ ప్రయాణించును గనుక నిజమునకు ఇంకను కొంచెము ఎక్కువ కాలమే పట్టును.

మన దేశములో ఎంత ప్రవాహమున్నచో బ్రాడ్‌బ్యాండ్ అనవలెనో ప్రభుత్వమే నిర్ణయించినది. 2004లో అది సెకనుకు 256 కిలోబిట్లు. 2013లో 512 కిలోబిట్లు. 2023లో దానిని 2 మెగాబిట్లకు పెంచిరి. అంతకు తక్కువైనచో దానిని బ్రాడ్‌బ్యాండ్ అనరాదు.

కొలత జరుగు విధము

వేగమును కొలుచుటకు ఊక్లా వారి స్పీడ్‌టెస్ట్, నెట్‌ఫ్లిక్స్ వారి ఫాస్ట్, భారత టెలికాం నియంత్రణ సంస్థ 2016లో విడుదల చేసిన మైస్పీడ్ వంటి సాధనములు కలవు. వీనిలో సాధారణముగా జరుగు పని ఇది. మొదట ఫోను గాని, కంప్యూటరు గాని దూరముననున్న ఒక సర్వరునకు చిన్న సందేశము పంపి, బదులు వచ్చుటకు ఎంత కాలము పట్టెనో చూచును. దీనిని పింగ్ అందురు. తరువాత ఆ సర్వరునుండి కొన్ని సెకనులపాటు వీలైనంత సమాచారమును తెప్పించుకొని, వచ్చిన బిట్లను కాలముతో భాగించును. ఇది డౌన్‌లోడ్. పిమ్మట ఇంటినుండి సర్వరునకు పంపి చూచును. ఇది అప్‌లోడ్.

కొలత మొదలైన వెంటనే ముల్లు పైకి లేచుచు పోవుటకు కారణము కలదు. దారి ఎంత వెడల్పో కంప్యూటర్లకు ముందుగా తెలియదు. కొద్ది తునకలు పంపి, అవి క్షేమముగా చేరినట్లు కబురు వచ్చిన పిమ్మట మరికొన్ని, అటుపై ఇంకను ఎక్కువగా పంపును. తునకలు దారిలో తప్పిపోయినచో తగ్గించుకొనును. కాబట్టి మొదటి క్షణములలో కనబడు అంకె అసలు కొలత కాదు.

కొలుచుటకు గూడ సమాచారము ఖర్చగును. సెకనుకు 15 మెగాబిట్ల చొప్పున పది సెకనులు పారినచో దాదాపు 19 మెగాబైట్లు. 100 మెగాబిట్ల చొప్పున పారినచో 125 మెగాబైట్లు. దినమునకు ఇంత అని పరిమితి గల సెల్‌ఫోను పథకముతో ఈ పరీక్షను మాటిమాటికి చేయుట తగదు.

తీగ వచ్చు దారి

కొలతకు అర్థము చెప్పవలెనన్న తీగ వచ్చు దారి తెలిసియుండవలెను. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ సంస్థ గాజుపోగుల తీగను భూమిలో పాతుటకు బదులు చాలవరకు విద్యుత్ స్తంభములపై లాగించినది. దీనివలన ఖర్చును, కాలమును కలిసివచ్చినవి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీనిని ప్రారంభించిరి. ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడును కలిపి నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇచ్చుట ఆనాటి ఏర్పాటు. ఇతర కంపెనీల తీగలును నేడు పలు పల్లెలకు వచ్చినవి.

ఇట్టి ఏర్పాట్లలో ఒక్కొక్క ఇంటికి కేంద్రమునుండి వేరు పోగు రాదు. కేంద్రమునుండి వచ్చు ఒక పోగులోని కాంతిని చీలిక పెట్టెలో 32 గాని, 64 గాని పాయలుగా చీల్చి ఇండ్లకు పంపుదురు. జీపాన్ అను పద్ధతిలో ఆ ఒక పోగులో ఇండ్లవైపు సెకనుకు సుమారు 2,488 మెగాబిట్లు పారును. 64 ఇండ్లవారు ఒక్కసారిగా వాడినను ఇంటికి దాదాపు 39 మెగాబిట్లు వచ్చును. అనగా 15 మెగాబిట్ల పథకమునకు ఈ పోగు ఇరుకు కానేరదు. ఇరుకు ఏర్పడునది సామాన్యముగా రెండుచోట్ల: కేంద్రమునకు ఎగువ, లేక ఇంటిలోపల.

ఎగువ ఇరుకు సంగతి కాలువ చివరి రైతునకు చెప్పనక్కరలేదు. ఒక కాలువలో పట్టు నీటికంటె దానిపై ఆధారపడు ఆయకట్టు ఎక్కువైనప్పుడు, అందరును ఒకేసారి తూములు ఎత్తినచో నీరు చాలదు. రాత్రి భోజనముల వేళ ఊరంతయు వీడియోలు చూచునప్పుడు జరుగునది ఇదియే.

ఇంటిలోపలి ఇరుకు వైఫైది. పెట్టెనుండి ఫోనునకు సమాచారము రేడియో తరంగములపై పోవును. 2.4 గిగాహెర్ట్జ్ తరంగపు పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ తరంగమునకు 6 సెంటీమీటర్లు. రెండవది ఎక్కువ సమాచారము మోయగలదు గాని గోడలు దాటునప్పుడు త్వరగా క్షీణించును. ఈ సీమలోని పాత మిద్దెలకు రాతితోను, మట్టితోను కట్టిన మందపు గోడలుండును. వేసవి తాపమును ఆపు ఆ గోడయే తరంగమును గూడ ఆపును. నడవలో పెట్టె ఉంచి, రెండు గోడల ఆవలి గదిలో కొలిచినచో తెలియునది గోడ మందమే గాని తీగలోని ప్రవాహము కాదు.

సరియైన కొలత

కావున మొదటి కొలత తీగతో చేయవలెను. కంప్యూటరును ఈథర్నెట్ తీగతో పెట్టెకు కలిపి, ఇంటిలోని తక్కిన ఫోనులను, టెలివిజనును ఆపవలెను. కంప్యూటరు లేనివారు ఫోనును పెట్టె ఎదుటనే, రెండు మూడడుగుల దూరములో ఉంచి, ఒకే సాధనముతో కొలువవచ్చును. ఉదయము 6 గంటలకు, మధ్యాహ్నము 2 గంటలకు, రాత్రి 9 గంటలకు మూడేసి సారులు చూచి, మూడు దినములపాటు తేదీ, వేళ, చోటు, అంకెలతో పట్టిక వ్రాయవలెను. తరువాత లోపలి గదిలో వైఫైతో అదే విధముగా కొలువవలెను.

అంకెలన్నిటికి సరాసరి కట్టుట కంటె మధ్యగతము తీసికొనుట మేలు. 14, 13, 14, 2, 14 అని ఐదు కొలతలు వచ్చినవనుకొనుడు. సరాసరి 11.4 అగును. కాని ఆ ఇంటికి 11.4 మెగాబిట్లు ఎన్నడును రాలేదు. అంకెలను వరుసలో పేర్చినచో నడుమ నిలుచునది 14. అదియే ఆ ఇంటి సంగతి చెప్పును. ఆ రెండును కొట్టివేయరాదు; ఏ వేళ వచ్చినదో గుర్తింపవలెను.

పట్టికను చదువుట సులభము. తీగతో అన్ని వేళల 14 వచ్చి, లోపలి గదిలో 3 వచ్చినచో లోపము ఇంటిలోనిదే. పెట్టెను ఇంటి నడుమకు, ఎత్తైన చోటికి మార్చినచో చాలును. ఎక్కువ ధర పథకము కొనుట వృథా. తీగతో ఉదయము 14, రాత్రి 5 వచ్చినచో ఎగువ రద్దీ ఉన్నదన్నమాట. తీగతో అన్ని వేళల తక్కువగానే వచ్చినచో తీగలోనో, అతుకులోనో, కంపెనీవారు పెట్టిన పరిమితిలోనో దోషముండును. గాజుపోగు మరీ వంగినచో వంపు దగ్గర కాంతి వెలికి జారిపోవును. పెట్టెపై ఎర్రదీపము వెలిగినచో కాంతి అందుటలేదని గుర్తు. అట్టి సమయమున పోగు కొనను ఊడదీసి కంటితో చూడరాదు. అందులోని లేజరు కాంతి కంటికి కనబడదు గాని హాని చేయగలదు. 200 మెగాబిట్ల పథకమైనను తీగతో ఎప్పుడును 95 దాటనిచో, తీగ గాని, కంప్యూటరు గాని 100 మెగాబిట్ల రకమై ఉండవచ్చును.

కొలతలన్నియు బాగుండియు ఒక్క వెబ్‌సైటే నెమ్మదిగా వచ్చినచో లోపము అవతలిది. పదవ తరగతి ఫలితముల నాడు లక్షలమంది ఒక్కసారిగా ఒకే తలుపు తట్టుదురు. ఆనాడు ఇంటి తీగను నిందించి లాభము లేదు.

పింగ్ సంగతి

ప్రవాహము మెండుగా ఉన్నను మాటామాటా జరుగు పాఠములో గొంతు తెగిపోవచ్చును. ఇచ్చట చూడవలసినది బదులు వచ్చు కాలము. 200 కిలోమీటర్ల పోగులో పోయి వచ్చుటకు కాంతికి 2 మిల్లీసెకనులు చాలును. దారిలోని యంత్రములు మరికొంత కాలము తీసికొనును. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్యలోనున్న ఉపగ్రహము ద్వారా అడిగి బదులు పొందుటకు దాదాపు అర సెకను పట్టును. ఎంత డబ్బిచ్చినను ఈ కాలము తగ్గదు. కాంతికంటె వేగముగా ఏ కబురును పోజాలదు. పోగు ఉన్న ఇంటిలో పింగ్ ఒక్కసారిగా పెరిగినచో, ఇంటిలో మరియొకరు పెద్ద వీడియోను దింపుచున్నారేమో చూడవలెను. పెట్టెలో తునకలు బారులు తీరి నిలుచుటచే ఆలస్యమగును.

పట్టిక వలన ప్రయోజనము

కంపెనీలు ప్రకటనలలో "వరకు" అను మాట చేర్చుట పరిపాటి. 100 వరకు అన్నచో ఎల్లప్పుడు 100 అని కాదు. అయినను నిత్యము సగము గూడ రానప్పుడు అడుగు హక్కు వాడుకదారునకు కలదు. మొదట కంపెనీ ఫిర్యాదు కేంద్రమునకు తెలిపి ఫిర్యాదు సంఖ్య తీసికొనవలెను. అచ్చట పని కానిచో, 2012 నాటి నిబంధనల ప్రకారము ప్రతి కంపెనీ నియమింపవలసిన అప్పీలు అధికారికి వ్రాయవచ్చును. "నెట్టు రావడములేదు" అను మాటకంటె, మూడు దినముల తేదీలు, వేళలు, అంకెలు గల పట్టిక ఎక్కువ పని చేయును. అది చూచిన మరమ్మతు పనివానికి గూడ ఎచ్చట వెదకవలెనో తెలియును.

ఉపాధ్యాయులు ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల పిల్లలచేత ఈ పని చేయింపవచ్చును. ఒక్కొక్కరు తమ ఇంటి పట్టికను తెచ్చినచో, ఏ వీధిలో ఏ వేళ ప్రవాహము తగ్గుచున్నదో నల్లబల్లపై గీతచిత్రముగా గీయవచ్చును. బిట్లు, బైట్లు, సరాసరి, మధ్యగతము, తరంగము, కాంతివేగము ఒకే పాఠములో వచ్చును. ఇంటిలో ఇంటర్నెట్టు లేని పిల్లవాడు బడిలోని తీగను కొలువవచ్చును. లేదా మండల కచేరీకి పోయి ఆ వారపు వానను వ్రాసికొని రావచ్చును. రెండు పట్టికలకును నియమములు ఒక్కటే.