తీగ మీద తాళం

చెక్కభజనలో గురువు ఎప్పుడూ వలయం నడుమే నిలబడతారు. కర్నూలు, కడప పల్లెల్లో శ్రీరామనవమికో తిరుణాలకో ఈ ఆట చూసినవారికి ఆ దృశ్యం కళ్లకు కట్టినట్టే ఉంటుంది. దేవళం ముందు పదీ పదిహేనుమంది గుండ్రంగా, కాళ్లకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు. చెక్క చీలికల్లో లోహపు బిళ్లలు గుచ్చి ఉంటాయి. వేళ్లు మూసుకోగానే చెక్కకు చెక్క తగిలి ‘టక్’మంటుంది, ఆ వెంటే బిళ్లలు ‘ఘల్’మంటాయి. అందరి అడుగూ ఆ ‘టక్’ మీదే పడాలి.

గురువు నడుమ నిలబడడంలో శబ్దశాస్త్రం కూడా ఉంది. మన వేసవి వేడిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. మిల్లీసెకనుకు, అంటే సెకనులో వెయ్యో వంతుకు, 35 సెంటీమీటర్లన్నమాట. గురువు నుంచి అంచుకు ఐదు మీటర్లుంటే తాళం చేరడానికి 14 మిల్లీసెకన్లు. నడుమ నుంచి దూరం అందరికీ ఒకటే కాబట్టి ఆలస్యమూ అందరికీ ఒకటే. వలయం ఆ అంచు నుంచి ఈ అంచుకైతే ఇది రెట్టింపవుతుంది.

వలయం మైదానమంత పెరిగితే? 2009 మే 10న సిలికానాంధ్ర సంస్థవారు సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో లక్షమందికి పైగా గాయకులతో అన్నమయ్య సంకీర్తనలు పాడించారు. అంతటి జనసందోహంలో 350 మీటర్ల అవతల ఉన్నవారికి గాలిలో వచ్చే పాట ఒక సెకను ఆలస్యంగా అందుతుంది. అందుకే పెద్ద మైదానాల్లో పాటను తీగల మీద దూరపు స్పీకర్ల దాకా పంపిస్తారు. తీగ ముందు గాలి నిలబడలేదు.

మరి ఆ తీగనే కర్నూలు నుంచి కడపకు లాగితే? రెండూళ్ల మధ్య గీత గీసినట్టు కొలిస్తే సుమారు 170 కిలోమీటర్లు. గాలిలోనైతే శబ్దానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. గాజు తీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఒక్క మిల్లీసెకను కూడా పట్టదు. అయినా లాక్‌డౌన్‌లో వీడియో కాల్ పెట్టుకుని కలిసి తాళం వేయబోయిన ప్రతివారికీ భంగపాటే ఎదురైంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగుతూ, నాలుగు దరువుల్లోనే లయ చేజారేది.

తప్పు తీగది కాదు, మధ్యలో ఆగే చోట్లది. శబ్దాన్ని చిన్న పొట్లాలుగా కట్టి పంపుతారు. అవి దారిలో ఎగుడుదిగుడుగా వస్తాయి. బోరు నీళ్లు ఆగి ఆగి వస్తుంటే మన రైతు తొట్టిలో నింపుకుని కాలవకు వదలడా, యంత్రమూ అంతే. పొట్లాలను బఫర్ అనే తొట్టిలో పోగేసి తీరిగ్గా వదులుతుంది. మాటకు 150 మిల్లీసెకన్ల ఆలస్యం పెద్ద ఇబ్బంది కాదని టెలిఫోన్ ప్రమాణాలు ఒప్పుకున్నాయి. దరువుకు అది ప్రాణాంతకం. పైగా చాలా వీడియో కాల్ యంత్రాలు మనిషి గొంతును కాపాడే పనిలో చెక్క మోతను రొద అనుకుని తుడిచేస్తాయి. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

దరువు ఎంత ఆలస్యాన్ని ఓర్చుకుంటుందో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు సంగీతకారుడు క్రిస్ చేఫ్, ఆయన సహచరులు చప్పట్లతోనే తేల్చారు. ఇద్దరిని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరి చప్పట్లు మరొకరికి కావాలని ఆలస్యంగా వినిపించారు. 10 నుంచి 20 మిల్లీసెకన్ల దాకా లయ నిలకడగా ఉంది. 25 దాటితే నెమ్మదించడం మొదలైంది, 60 దాటాక చెదిరిపోయింది. వింతేమిటంటే ఆలస్యం 10 కంటే తగ్గినా కుదరలేదు, చప్పట్లు పరుగందుకున్నాయి. కాస్త దూరమే మనిషికి సహజమైన లయ అన్నమాట. మన వలయంలో గురువుకూ ఆటగాడికీ మధ్య లెక్కగట్టిన 14 సరిగ్గా ఆ నిలకడలోకే వస్తుంది.

చేఫ్ బృందమే జాక్‌ట్రిప్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. అది శబ్దాన్ని కుదించదు, పొట్లం చేరిందా అని అడగదు. దారిలో పోయినదాని కోసం వెనక్కి చూడదు. తొట్టిని వీలైనంత చిన్నది చేస్తుంది. 2005లో వచ్చిన నింజామ్ అనే సాఫ్ట్‌వేర్‌ది ఇంకో దారి. వినాంప్ అనే మ్యూజిక్ ప్లేయర్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్, ఆయన మిత్రులు ఆలస్యాన్ని తగ్గించడం మానేసి ఏకంగా ఒక ఆవర్తానికి పెంచేశారు. మీరు వాయిస్తున్నప్పుడు మీకు వినిపించేది అవతలివారి కిందటి ఆవర్తం. తాళం తప్పదు, మాట మాత్రం ఒక చుట్టు వెనక. గురువు చరణం అందుకుంటే జట్టు తర్వాత వంత పాడే మన భజనకు ఇది కొత్త సంగతేమీ కాదు.

నా మనసు మాత్రం జామ్యులస్ దగ్గరే ఆగింది. జర్మన్ ఇంజనీరు ఫోల్కర్ ఫిషర్ 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అందరి మోతా నడుమనున్న ఒక సర్వర్‌కు చేరుతుంది, అక్కడ కలిసి తిరిగి అందరికీ వస్తుంది. కఠిన నియమం ఒకటుంది: మీ చేతిలో మోగిన చెక్కను కాదు, సర్వర్‌దాకా పోయి వచ్చిన చెక్కనే వినాలి. అదే వలయం, అదే నడుమ.

కర్నూలు జట్టు, కడప జట్టు దీన్ని పట్టుకుంటే లెక్క ఇలా ఉంటుంది. సర్వర్ హైదరాబాద్‌లో ఉందనుకుంటే తీగ మీద పోనూ రానూ కొన్ని మిల్లీసెకన్లే. సెకనుకు 48,000 నమూనాల చొప్పున 128 నమూనాల పొట్లం కడితే ఒక్కొక్కటి 2.67 మిల్లీసెకన్లు. మైకు దగ్గర, చెవి దగ్గర, రెండు చివరల తొట్లలో ఆగినవన్నీ కలుపుకుంటే మంచి లైన్ మీద 25 నుంచి 30 మిల్లీసెకన్ల దాకా, అంటే లయ నెమ్మదించడం మొదలయ్యే అంచున. వైఫై మానేసి కేబుల్ తగిలించాలి, బ్లూటూత్ పక్కనపెట్టి తీగ ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. లేకపోతే ఈ లెక్క చెల్లదు.

ఆ ఆలస్యం 28 మిల్లీసెకన్లనుకుంటే, వేసవి గాలిలో అది సుమారు పది మీటర్లు. కర్నూలువాడు చెవిలో తీగ పెట్టుకుని చెక్క కొడితే, కడపవాడు దేవళం ముందు అదే వలయంలో అవతలి అంచున నిలబడి బదులు కొట్టినట్టే వినిపిస్తుంది.