బిగోనియా మొక్కకు నీటి కొలత

వాడిన మొక్క కంటబడినతోడనే చెంబెడు నీరు పోయుట కృషీవలునకు పుట్టుకతో వచ్చిన గుణము. పైరుల విషయమున నిది మేలే. కాని వసారాలో కుండీయందు పెంచు బిగోనియాకు ఈ దయయే ప్రాణాంతకమగుచున్నది. ఇండ్లలో నీ మొక్క నీరు చాలక చచ్చుటకంటె నీరెక్కువయి చచ్చుటయే తరచు.

ఇందులకు కారణము దాని పుట్టినచోటనే కలదు. రంగురంగుల యాకులుగల రెక్సు బిగోనియా అస్సాము ప్రాంతపు నీడ యడవులలోనిది. 1857వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు దానికా పేరిడిరి. అచ్చట గాలి చెమ్మగలది. నేల ఆకులు చివికిన గుల్లమన్ను గనుక వాననీరు నిలువక దిగిపోవును. కావున నీ మొక్క కోరునది చెమ్మగాలియు, నీడయు, గుల్లమన్నునే గాని బురద గాదు.

కుండీ యడుగున చిల్లుండవలెను. చిల్లుపై పెంకుముక్క నుంచి, ఆకులు చివికిన యెరువు రెండు పాళ్లు, తోటమన్ను ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి నింపవలెను. ఉదయపు లేత యెండ తగిలినను హాని లేదు. మధ్యాహ్నపు టెండ తగులరాదు. వ్రేలిని మొదటి కణుపువరకు మంటిలో గ్రుచ్చి చూడుడు. తడి తగిలినచో నాడు నీరు పోయవలదు. ఆకులపై నీరు నిలిచినచో మచ్చతెగులు సోకును గనుక మొదటనే పోయవలెను. వడగాలి దినములలో గులకరాళ్లు పరచిన పళ్లెమున నీరు పోసి, ఆ నీరు కుండీ యడుగునకు తగులకుండ రాళ్లపై కుండీ నుంచిన యెడల గాలి చెమ్మగా నుండును.

ముఖ్యముగా నొక్క మాట. మన్ను తడిగా నుండియు నాకులు వాడినచో నది దాహమని భ్రమింపరాదు. వేళ్లు కుళ్లి నీరు పీల్చు శక్తి నశించినందున నట్లు వాడును. అప్పుడు మరల నీరు పోయుట చావును తొందరపెట్టుటయే. మొక్కను పెరికి, నల్లబడి మెత్తనైన వేళ్లను కోసివైచి, చిన్న కుండీలో క్రొత్తమంటియందు నాటవలెను.

వేళ్లన్నియు పోయినను రెక్సు జాతి విషయమున నిరాశ వలదు. తెగులులేని యాకొకటి కోసి, అడుగువైపు పెద్ద యీనెలకు గాట్లుపెట్టి, ఆ వైపు తడి యిసుకకు తగులునట్లు పరచి, కదలకుండ చిన్నరాళ్లుంచి, గాజుపాత్ర బోర్లించి నీడను నుంచుడు. కొన్ని వారములకు గాట్లకడ వేళ్లును పిల్లమొక్కలును పుట్టును.

ఒక్క యాకునుండి పెక్కు మొక్కలు వచ్చును గనుక సభ్యులెల్లరును విత్తనపు ఖర్చు లేకయే యొండొరులకు పంచుకొనవచ్చును. పంచునపుడు మొక్కతోపాటు ఈ నీటి కొలతను గూడ చెప్పి యీయవలయునని మా మనవి.