గేముకి కుదిరే బుద్ధి హోంవర్క్‌కి ఎందుకు కుదరదు?

నరసరావుపేట నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. కొడుకు నాలుగో తరగతి. స్కూలు డైరీ నిండా ఎర్ర సిరా: ‘వర్క్ ఇన్‌కంప్లీట్’, ‘టాకింగ్ ఇన్ క్లాస్’, ‘పేరెంట్స్ ప్లీజ్ మీట్’. వెళ్లి కలిస్తే క్లాస్ టీచర్ మెల్లగా ‘ఏడీహెచ్‌డీ ఏమో, ఒకసారి చూపించండి’ అన్నారట. ఇంటికొచ్చి చెబితే మామగారు కొట్టిపారేశారు. ‘సెల్లు చేతికిస్తే మూడు గంటలు కదలకుండా కూర్చునేవాడికి శ్రద్ధ లేకపోవడమేంటమ్మా? ఒళ్లు బద్ధకం, అంతే’ అన్నారు. ఇందులో ఎవరి మాట నిజమని ఆవిడ ప్రశ్న.

మామగారు గమనించింది నూటికి నూరుపాళ్లు నిజం. దాని మీద ఇచ్చిన తీర్పే తలకిందులు. గేముకి కుదిరిన బుద్ధి హోంవర్క్‌కి కుదరకపోవడం జబ్బు లేదనడానికి సాక్ష్యం కాదు, ఆ తేడాలోనే జబ్బు గుట్టంతా ఉంది.

ముందు ప్రాథమిక విషయాలు గబగబా కానిచ్చేద్దాం. ఏడీహెచ్‌డీ అంటే అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్, శ్రద్ధా కుదురూ నిలవని సమస్య. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 గ్రంథం ప్రకారం శ్రద్ధ నిలవకపోవడానికి 9 లక్షణాలు, కుదురులేనితనానికీ తొందరపాటుకీ 9 లక్షణాలు ఉన్నాయి. పిల్లల్లో ఏదో ఒక జాబితాలో కనీసం 6 కనపడాలి. అవి 6 నెలలుగా ఉండాలి, 12 ఏళ్లలోపే మొదలవ్వాలి, ఇల్లూ బడీ లాంటి రెండు చోట్లయినా బయటపడాలి, చదువునో స్నేహాలనో దెబ్బతీయాలి. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు, స్కానూ లేదు. పిల్లకీ పిల్లకీ మధ్య తేడాల్లో వారసత్వం వాటా 70 శాతం పైమాటేనని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి. ‘వాళ్ల నాన్నా చిన్నప్పుడు ఇంతే’ అని నాయనమ్మ అన్న మాటను డాక్టరు శ్రద్ధగా రాసుకుంటారంటే అందుకే.

ఇక అసలు కథ స్విట్జర్లాండులోని ఫ్రైబోర్గ్‌లో, కోతుల దగ్గర మొదలవుతుంది. వుల్ఫ్రమ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మధ్యమెదడులో డోపమీన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాల పక్కన వెంట్రుకంత ఎలక్ట్రోడ్ దింపి వింటూ కూర్చున్నారు. కోతి నోట్లో పళ్లరసం చుక్క పడగానే కణం టపటపమని సంకేతాలు పంపింది. ఇందులో వింతేమీ లేదు. తర్వాత ఆయన ముందు దీపం వెలిగించి, ఒకటి రెండు సెకన్లాగి రసం ఇవ్వడం మొదలుపెట్టారు. కోతికి అలవాటయ్యేసరికి బొమ్మ మారిపోయింది. రసం పడ్డప్పుడు కణం ఉలకలేదు, పలకలేదు. దీపం వెలిగినప్పుడే టపటపలాడింది. బహుమతికి రావాల్సిన స్పందన బహుమతిని వదిలి, దాని కబురు తెచ్చిన దీపానికి తరలిపోయింది. ఇంకా తమాషా ఏమిటంటే, దీపం వెలిగించి రసం ఎగ్గొడితే, సరిగ్గా రసం పడాల్సిన క్షణానికి ఆ కణం మూగబోయింది.

షుల్ట్స్, పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్ కలిసి 1997లో సైన్స్ పత్రికలో దీనికి లెక్క కట్టారు. ఈ కణాలు చెప్పేది ఆనందాన్ని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాని. ‘డోపమీన్ అంటే ఆనందపు రసాయనం’ అని ఇప్పటికీ రీల్సులో ఊదరగొట్టేవాళ్లకి ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఇప్పుడు ఆ దీపాన్ని మన ఇంట్లోకి తెద్దాం. పిల్లాడి ముందు నోటు పుస్తకం, ఎనిమిదో ఎక్కం మీద పది లెక్కలు. మొదటి లెక్క చేశాడు. ఏమొచ్చింది? రెండో లెక్క వచ్చింది. శభాష్ రేపటి సంగతి, స్లిప్ టెస్టు మార్కు శనివారం సంగతి, ‘ఫస్టొస్తే సైకిల్ కొంటా’ అన్నది వేసవి సెలవుల సంగతి. మామూలు పిల్లాడు ఈ ఎడారి ఎలా దాటుతున్నాడు? వాడికి దీపాలు వెలుగుతున్నాయి. జవాబు సరిగ్గా కుదిరిందన్న గ్రహింపు ఒక దీపం. ‘ఇంకా ఆరే ఉన్నాయి’ అన్నది ఇంకో దీపం. అమ్మ వంటింట్లోంచి తొంగిచూడటం మరొకటి. వెనకటి బహుమతుల స్పందన ఇలాంటి చిన్నచిన్న గుర్తులకు తరలి వచ్చేసింది కాబట్టి, ఒక్కో గుర్తు దగ్గర కాస్త డోపమీన్ అందుకుంటూ పదో లెక్కదాకా నెట్టుకొస్తాడు.

ఏడీహెచ్‌డీ పిల్లల్లో తేడా వచ్చేది ఈ తరలింపులోనే కావచ్చని గెయిల్ ట్రిప్, జెఫ్ వికెన్స్ అనే పరిశోధకులు 2008లో ప్రతిపాదించారు. బహుమతి చేతిలో పడ్డప్పుడు వీళ్ల డోపమీన్ బాగానే స్పందిస్తుంది. ఆ స్పందన ముందున్న దీపానికి సరిగ్గా తరలిరాదు. అంటే వాగ్దానానికి బరువుండదు. కిరాణా కొట్టులో ‘అప్పు రేపు’ బోర్డు చూసి మనం ఎంత నమ్మకం పెట్టుకుంటామో, ‘చదువుకుంటే ఆదివారం సినిమా’ అన్న మాట మీద వాడి మెదడు అంతే నమ్మకం పెట్టుకుంటుంది. సినిమా అంటే వాడికి ఇష్టమే, కావాలి కూడా. ఆ ఇష్టం గురువారం సాయంత్రం పెన్సిల్ దాకా రాదు.

నాకీ ఊహ ఎందుకు నచ్చిందంటే, తల్లిదండ్రులు విడివిడిగా చెప్పే నాలుగైదు ఫిర్యాదులు దీంతో ఒకే తాటి మీదికొస్తాయి. గేమే చూడండి. మూడు రంగుగోళీలు ఒక వరుసలోకి తేగానే టప్పున పేలతాయి, గంట మోగుతుంది, అంకె పెరుగుతుంది. చేసినదానికీ వచ్చినదానికీ మధ్య సెకను కూడా లేదు. అక్కడ దీపంతో పనేముంది, రసమే ధారగా పడుతుంటే! ఫలితం తక్షణం అందే చోట ఈ పిల్లలకు లోటు కనపడదు. స్టార్ చార్టు గోడకంటిస్తే మొదటివారం అద్భుతంగా పనిచేసి రెండో వారానికి చతికిలబడటమూ ఇందులోదే. కొత్తదనం తీరాక మిగిలేది నెలాఖరు వాగ్దానం, అది మళ్లీ దూరపు సరుకు.

ఈ దీపాల ఊహ ఇంకా సిద్ధాంతమే. మెదడు స్కానుల అధ్యయనాల్లో, బహుమతి కోసం ఎదురుచూసే క్షణాల్లో ఏడీహెచ్‌డీ ఉన్నవారి వెంట్రల్ స్ట్రయేటం అనే భాగం సగటున తక్కువగా స్పందించడం దీనికి బలం. నార్వేలో టెర్యే సాగ్వోల్డెన్ అంతకుముందే ఎలుకల మీద పనిచేసి, బహుమతి ఆలస్యమయ్యేకొద్దీ దాని పట్టు ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో తొందరగా జారిపోతుందని అన్నారు. ఫ్లోరిడాలో మార్క్ రాపోర్ట్ బృందానిది వేరే దారి. వాళ్లు ఈ పిల్లలకు స్టార్ వార్స్ సినిమా ముక్క చూపిస్తే కుదురుగా చూశారు, లెక్కల పాఠం వీడియో పెడితే కుర్చీలో కాలుగాలిన పిల్లులయ్యారు. బుర్రలో తాత్కాలికంగా నిలుపుకోవాల్సిన భారం పెరిగినప్పుడే కదలిక పెరుగుతుందని వాళ్ల వాదన. రెండు వాదనలూ కలిసే చోటు ఉండవచ్చు. నా ఓటు మాత్రం దీపానికే.

పాతవాళ్లు పడ్డ పొరపాట్లు కూడా చెప్పుకోవాలి. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి పిల్లలకు ‘నైతిక నిగ్రహంలో లోపం’ అని పేరు పెట్టారు. బుద్ధిమాంద్యం కాదని గుర్తించినంత మేరకు మెచ్చుకోవాల్సిందే. కానీ నీతి అన్న మాట ఒకసారి దూరాక నూరేళ్లయినా పోలేదు, ‘ఒళ్లు బద్ధకం’ దానికి మనవడి వరసే. చక్కెర మీద నింద మరోటి. 1994లో ఒక ప్రయోగంలో తల్లులకు ‘మీ పిల్లాడికి బాగా చక్కెర ఇచ్చాం’ అని చెప్పి, నిజానికి చక్కెర లేని పానీయం ఇచ్చారు. ఆ మాట నమ్మిన తల్లులు పిల్లాడు ఎక్కువ అల్లరి చేశాడని రాశారు. చాక్లెట్ మానేస్తే పళ్లకి మంచిది, అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

డాక్టర్లూ ఒకప్పుడు దెబ్బతిన్నారు. అసలీ లక్షణాలు డాక్టరు గదిలో కనపడతాయా అని 1981లో అమెరికాలో పరీక్షిస్తే, హైపర్‌యాక్టివ్ అని తేలిన పిల్లల్లో ఎక్కువమంది ఆ గదిలో బుద్ధిమంతుల్లా కూర్చున్నారు. కొత్త చోటు, కొత్త మనిషి, ప్రతి మాటకీ అప్పటికప్పుడే స్పందన. డాక్టరు గది కూడా ఒకరకం గేమే. కాబట్టి పావుగంట చూసి ‘ఏమీ లేదు, తీసుకెళ్లండి’ అన్నా, ‘ఉంది, మందు వాడండి’ అన్నా ఆ తీర్పుకి విలువ తక్కువ. డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్, చైల్డ్ సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు ఎవరి దగ్గరికి వెళ్లినా, క్లాస్ టీచర్‌కి విడిగా ఒక ప్రశ్నావళి ఇస్తున్నారో లేదో చూడండి. వాండర్‌బిల్ట్, కానర్స్ లాంటివి అందుకోసమే ఉన్నాయి. మన దేశపు పిల్లల కోసం ఇన్‌క్లెన్ సంస్థ తయారుచేసినదీ ఉంది. దానికి ముందు చూపు, వినికిడి, నిద్ర, గురక చూడాలి. చదవడంలోనే ఇబ్బంది ఉందేమో చూడాలి, ఎందుకంటే అదీ ఏడీహెచ్‌డీ తరచు జంటగా వస్తాయి. ఆడపిల్లలైతే చాలాసార్లు అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు, వాళ్ల మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. ‘బ్రెయిన్ మ్యాపింగ్’ చేసి రంగుల కాగితం చేతిలో పెట్టే చోట్లకు మాత్రం డబ్బు తగలేయకండి.

డాక్టరుకి పిల్లాడు పుట్టిన తేదీ కూడా చెప్పండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2012లో వచ్చిన అధ్యయనం ప్రకారం, తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లైన డిసెంబరు పిల్లలకు, పెద్దవాళ్లైన జనవరి పిల్లలకన్నా ఈ ముద్ర పడే అవకాశం మగపిల్లల్లో 30 శాతం, ఆడపిల్లల్లో 70 శాతం ఎక్కువ. ఏడాది మిగులుతుందని రెండున్నరేళ్లకే నర్సరీలో వేసే మన ఊళ్ల లెక్క తీస్తే ఏం తేలుతుందో!

మందుల సంగతి రెండు ముక్కలు. మిథైల్‌ఫెనిడేట్ మెదడులో డోపమీన్ తిరిగి లోపలికి పీల్చబడకుండా ఆపుతుంది. 1944లో సీబా కంపెనీలో దీన్ని తయారుచేసిన లియాండ్రో పానిజోన్ భార్య రీటా పేరు మీదే రిటాలిన్ అయింది. ఆవిడ టెన్నిస్ ఆడేముందు వేసుకునేదట! మన దగ్గర ఇది మత్తుమందుల చట్టం కిందికి వస్తుంది, ప్రతి మెడికల్ షాపులో దొరకదు. ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరుతో తేల్చుకోవాల్సిన మాట. ఆరేళ్లలోపు పిల్లలకు ముందు తల్లిదండ్రుల శిక్షణతోనే మొదలుపెట్టమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది.

ఇక స్కూలు. దీపం సిద్ధాంతం ఇక్కడ తిన్నగా పనికొస్తుంది: బహుమతిని దగ్గరికి లాగాలి. రోజూ ఒక చిన్న కార్డు, మీద మూడే పనులు. ‘బోర్డు మీదిది రాసుకున్నాడు’, ‘అడగ్గానే పుస్తకం తీశాడు’, ‘వర్క్ సగమైనా చేశాడు’. పీరియడ్ అయిపోగానే టీచర్ టిక్కు పెట్టాలి, సాయంత్రం దాకా ఆగి కాదు. ఇంటికి రాగానే ఆ టిక్కులకు అదే పూట ఫలితం ఉండాలి, పది నిమిషాల గేమైనా సరే. పది లెక్కలు ఒకేసారి ఇవ్వకుండా మూడు చేసి చూపించమనాలి. పరీక్షలో ఊరికే అదనపు సమయం ఇస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. ఒక అధ్యయనంలో 30 నిమిషాలకు బదులు 45 నిమిషాలిస్తే, నిమిషానికి చేసే లెక్కల సంఖ్య తగ్గింది. గడువు దూరమైంది మరి!

ప్రభుత్వం తీరు చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతికి పట్టుకోవాల్సిన 30 సమస్యల జాబితా ఇచ్చింది, అందులో ఏడీహెచ్‌డీ ఉంది. మూడేళ్లకు, 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది, అందులో ఏడీహెచ్‌డీ పేరు లేదు. ఆటిజం ఉంది, చదువుకి సంబంధించిన స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ ఉంది. పిల్లాడికి అవి కూడా ఉంటే సర్టిఫికెట్టు, పరీక్షల్లో రాయితీలు వస్తాయి. ఒట్టి ఏడీహెచ్‌డీ అయితే స్కూలు దయ. అదే పిల్లాడు డల్లాస్‌లో చదువుతుంటే 1973 నాటి పునరావాస చట్టం 504వ సెక్షన్ కింద తల్లిదండ్రులు సదుపాయాలు హక్కుగా అడగొచ్చు. మన చట్టాన్ని ఎప్పుడు సవరిస్తారో చూడాలి. ఈలోగా డైలీ కార్డుకి ఏ జీవో అక్కర్లేదు. క్లాస్ టీచర్ ఒప్పుకుంటే సోమవారం మొదటి పీరియడ్ నుంచే మొదలుపెట్టొచ్చు.