మూలల మెరుపుకు బుల్లి మిషను... చూసి కొనకుంటే పెయింటుకే ఎసరు!

ఉప్పల్: కారు బానెట్టు అద్దంలా తళతళలాడుతుంది. డోరు హ్యాండిలు వెనక గుంటలో మాత్రం గోళ్లు, ఉంగరాలు గీసిన గీతలు అలాగే ఉంటాయి. సైడు అద్దం మొదట్లో, నంబరు ప్లేటు చుట్టూ, బంపరు వంపుల్లో బోరునీటి మరకలు చెక్కుచెదరవు. పెద్ద పాలిషింగు మిషను అక్కడికి పోదు. చేత్తో రుద్దుతూ కూర్చుంటే పొద్దుపోతుంది. ఈ చిక్కు తీర్చేందుకే బుల్లి పాలిషింగు మిషన్లు బజారులోకి వచ్చాయి. అయితే ఏది పడితే అది కొంటే మెరుపు మాట దేవుడెరుగు, ఉన్న పెయింటే పోతుంది.

హైదరాబాదు నుంచి వరంగల్ రోడ్డు పట్టాలంటే ఉప్పల్ దాటాల్సిందే. ఘట్‌కేసర్, పోచారం వైపు వారికి నగరంలోకి ఇదే దారి. యాదగిరిగుట్టకు వాహన పూజకు వెళ్లే కొత్త కార్లూ ఈ దారినే పోతాయి. ఒకప్పుడు ఊరికి ఒకటో అరో ఉన్న కార్లు ఇప్పుడు వాడవాడలా కనిపిస్తున్నాయి. వాటి వెంటే వాషింగు సెంటర్లూ పల్లెలకు వచ్చాయి. కడగడంతో పాటు పాలిషింగు కూడా చేస్తే నాలుగు రాళ్లు వస్తాయని యువకులు ఆశపడటం సహజమే. ఆ ఆశ నిలవాలంటే ముందు పెయింటు సంగతి తెలియాలి.

పొర పలచన... జాగ్రత్త!

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో పైనుంచి కిందిదాకా ఒకే రంగు పెయింటు ఉండేది. పాలిష్ పెడితే గుడ్డకు కారు రంగు అంటేది. కొంచెం అరిగినా కింద మళ్లీ అదే రంగు. ఇప్పటి కార్లలో చాలావాటికి రంగు మీద వేరే పారదర్శకమైన పొర ఉంటుంది. మేస్త్రీలు దాన్ని క్లియర్ కోటు అంటారు. మెరుపంతా దానిదే. దాని మందం సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే ఆ పొర వెంట్రుక కంటే పలచన అన్నమాట!

పాలిషింగు అంటే ఆ పొరనే రవ్వంత అరగదీసి గీత అంచులను చదును చేయడం. పొర తెగిపోతే ఇక ఏ పాలిషూ పనికిరాదు. ఆ రేకు మొత్తానికి మళ్లీ పెయింటు వేయించాల్సిందే. పైగా రేకు అంచుల్లో, మడతల్లో పెయింటు ఇంకా పలచగా ఉండే వీలుంది. బుల్లి మిషను పనంతా సరిగ్గా అక్కడే.

గీత మీద గోరు పెట్టి మెల్లగా లాగి చూడాలి. గోరు తట్టుకుంటే గీత లోతుగా దిగిందని అర్థం. పొలం బాటల్లో తుమ్మకంపలు గీసిన గీతలు కొన్ని ఇలాంటివే. వాటిని పూర్తిగా పోగొట్టాలని మొండికేస్తే పెయింటు పోతుంది.

చిన్నది కదా అనుకుంటే...

ప్యాడు చిన్నదైతే ప్రమాదం తక్కువని చాలామంది అనుకుంటారు. లెక్క వేరుగా ఉంది. 3 అంగుళాల ప్యాడు విస్తీర్ణం 6 అంగుళాల ప్యాడులో సగం కాదు, నాలుగో వంతే. చేయి అంతే బలంతో నొక్కితే పెయింటు మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. పెద్ద మిషను పట్టడానికి అలవాటుపడ్డ చేయి చిన్న మిషనుతో పొరపాటు చేసేది ఇక్కడే. మిషను బరువే చాలు, పైనుంచి నొక్కక్కర్లేదు.

సాధారణంగా ఈ మిషన్లకు 1, 2, 3 అంగుళాల ప్యాడ్లు వస్తాయి. డోర్ల నడుమ స్తంభాలకు, బంపరు వంపులకు 3 అంగుళాలు సరిపోతుంది. హ్యాండిలు గుంటలకు, అద్దం మొదలుకు 2 అంగుళాలు. అక్షరాల నడుమ, గ్రిల్లు సందుల్లో 1 అంగుళం. మొదటిసారి కొనేవారు 3, 2 అంగుళాల ప్లేట్లు రెండూ పట్టే మిషను తీసుకుంటే చాలావరకు పని గడుస్తుంది.

తిరుగుడులో రెండు రకాలు

ఒక రకం మిషనులో ప్యాడు కుమ్మరి సారెలా ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. దీన్ని రోటరీ అంటారు. గీతలు త్వరగా పోతాయి. అంతే త్వరగా వేడి పుడుతుంది. ఒకేచోట కాసేపు ఆగితే పెయింటు కాలిపోతుంది.

రెండో రకంలో ప్యాడు తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. దీన్ని డ్యూయల్ యాక్షన్ అంటారు. మరీ నొక్కితే ప్యాడు తిరగడం మందగిస్తుంది. పని నిదానమే గానీ కొత్త చేతికి ఇదే మేలు. ఊగే దూరం కూడా అడిగి తెలుసుకోవాలి. 3 మిల్లీమీటర్ల ఊపు ఇరుకు సందుల్లో అదుపుగా ఉంటుంది. 12 మిల్లీమీటర్ల ఊపు కాస్త వెడల్పు చోట్ల పని తొందరగా తెమల్చుతుంది. ఇటలీకి చెందిన రూపెస్, జర్మనీకి చెందిన ఫ్లెక్స్ కంపెనీలు ఒకే బుల్లి మిషనుకు రోటరీతో పాటు ఈ రెండు రకాల ఊపులనూ మార్చుకునేలా తయారు చేశాయి. అయితే అంతటి మిషను రోజూ పనున్న షెడ్డుకే గిట్టుబాటు.

గ్రైండరుతో ఆటలొద్దు

ఇనుము కోసే 4 అంగుళాల గ్రైండరుకే స్పాంజి ప్యాడు తగిలించి పని కానిద్దామనుకునే వారున్నారు. ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. మామూలు గ్రైండరు నిమిషానికి 10 వేల చుట్లు దాటి తిరుగుతుంది. చాలా రకాలకు వేగం తగ్గించే మీట ఉండదు. రోటరీ పాలిషింగు మాత్రం నిమిషానికి 1,000 చుట్ల దగ్గర మొదలుపెడితే చాలు. పది రెట్ల వేగంతో అంచు మీద పెడితే కన్నుమూసి తెరిచేలోగా పొర లేచిపోతుంది. ప్యాడు ఊడి ముఖానికి తగిలే ప్రమాదం కూడా ఉంది.

కొనేముందు అడగాల్సినవి

వేగం మార్చే మీట ఉండాలి. బటను నొక్కగానే ఒక్కసారిగా ఎగరకుండా మెల్లగా అందుకోవాలి. ప్యాడు కంటే దాని వెనక ప్లేటు కాస్త చిన్నదిగా ఉండాలి. లేకుంటే ప్లేటు అంచు పెయింటుకు తగిలి కొత్త గీత పడుతుంది. ప్లేటు మరలు అన్ని మిషన్లకూ ఒకటి కావు. విడిగా కొనేవారు పాత ప్లేటు వెంట తీసుకెళ్లడం మంచిది.

కరెంటు మిషనుకు వైరు తోక ఉంటుంది. దాన్ని భుజం మీదుగా వెనక్కి వేసుకోకపోతే కారు మీద రాసుకుంటుంది. బ్యాటరీ మిషనుకు ఆ బెడద లేదు గానీ రెండో బ్యాటరీ లేనిదే పని నడవదు. కరెంటు కోత ఉన్న ఊళ్లో బ్యాటరీ మేలు. రోజంతా పనున్న చోట వైరు మిషను మేలు. కార్బన్ బ్రష్షులు, ప్లేట్లు, ప్యాడ్లు విడిగా దొరుకుతాయో లేదో సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో ముందే వాకబు చేసుకోవాలి. చిన్న ప్యాడు త్వరగా మందు పీల్చి అట్టకడుతుంది. ఒక్కో రకానివి మూడు నాలుగైనా దగ్గరుంచుకోవాలి.

మొదలుపెట్టే ముందు

కారును శుభ్రంగా కడిగి దుమ్ము లేకుండా చూడాలి. ఇసుక రేణువు ఒక్కటి ప్యాడు కింద పడినా గుండ్రటి గీతలు పడతాయి. రబ్బరు, నల్ల ప్లాస్టిక్, రేకు అంచుల మీద టేపు అంటించాలి. ప్లాస్టిక్ బంపరు వేడిని రేకులా లాగేయదు. అక్కడ వేగం ఇంకా తగ్గించాలి. నాలుగు సెకన్లకోసారి చేతి వెనక భాగంతో తాకి చూస్తే వేడి తెలుస్తుంది. ముందు మెత్తటి ప్యాడు, సన్న రకం పాలిష్‌తో కనిపించని చోట చిన్న ముక్క చేసి చూడాలి. దానితో పోకపోతేనే గరుకు రకం పట్టాలి.

సొంత కారు ఒక్కటే ఉన్నవారికి మిషను అవసరం అంతగా లేదు. హ్యాండిలు గుంటలకు మెత్తటి స్పాంజి, సన్న పాలిష్, ఓ గంట ఓపిక చాలు. షెడ్డు పెట్టుకునే యువకులు మాత్రం పాత కార్ల దుకాణంలో చెడిపోయిన డోరు ఒకటి తెచ్చుకుని దాని అంచుల మీద వారం రోజులు చేయి తిప్పడం మంచిది. పొర ఎక్కడ తెగుతుందో ఆ డోరు మీద తెలుసుకుంటే, ఊరివాళ్ల కారు తలుపుకు మళ్లీ పెయింటు వేయించే ఖర్చు నెత్తిన పడదు.