పగలని ‘అద్దం’: చూసి కాదు, తూచి కొనాలి
అక్రిలిక్ షీట్ల కొనుగోలులో వర్తకులు గమనించవలసిన అంశాలు

(వాణిజ్య విలేఖరి)

హొళగుంద: దుకాణాల నామఫలకాలకు, షోకేసులకు, కిటికీలకు గాజు స్థానంలో పారదర్శక అక్రిలిక్ షీట్ల వాడకం పెద్ద పట్టణాలకే పరిమితం కాలేదు. ఆదోని, ఎమ్మిగనూరు, హొళగుంద వర్తకులకు ఈ సరుకుతో రెండు విధాల సంబంధం ఉంది: కొని అమ్మేవారిగాను, తమ దుకాణాలకు వాడుకునేవారిగాను. పత్తిలో తేమ చూడనిదే ధర పలకని వర్తకుడు, ఈ షీటును మాత్రం మెరుపు చూసి కొంటే నష్టపోయే అవకాశం ఎక్కువ.

ఈ సరుకు కొత్తది కాదు. 1930వ దశకంలో జర్మనీలో ‘ప్లెక్సీగ్లాస్’, బ్రిటన్‌లో ‘పెర్‌స్పెక్స్’ పేర్లతో విపణికి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీలకు వాడారు. 2020లో కోవిడ్ సమయాన కౌంటర్లకు తెరలుగా కట్టడంతో ప్రపంచమంతటా గిరాకీ ఒక్కసారిగా పెరిగి కొరత ఏర్పడింది. తెరలు తొలగాక ఆ గిరాకీ నిలవలేదు. మిథైల్ మెథాక్రిలేట్ అనే ముడిసరుకులో ఎక్కువ భాగం మన దేశానికి దిగుమతి కావలసిందే గనుక, రూపాయి విలువ, విదేశీ ధరల హెచ్చుతగ్గులు షీటు ధర మీద ప్రభావం చూపుతాయి. షీటుపై జి.ఎస్.టి. 18 శాతం.

తూకంలో కిటుకు

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం గల అక్రిలిక్ షీటు సుమారు 10.6 కిలోలు తూగాలి. అదే కొలత గాజు 22 కిలోల పైమాటే. పోత షీట్లకు అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే తేడా ఎక్కువ: ‘3 మి.మీ.’ షీటు 2.3 మి.మీ. ఉన్నా హద్దులోపలే. అటువంటి షీటు 8.2 కిలోలకు మించదు. అంటే పూర్తి మందానికి ధర చెల్లించినవారు దాదాపు నాలుగోవంతు సరుకు కోల్పోయినట్టే. బిల్లు మీద మందం చదవడం కాక, షీటును కాటా మీద పెట్టడం లాభదాయకం.

షీట్లు రెండు రకాలు. గాజు పలకల మధ్య పోసి గట్టిపరిచేది పోత రకం. ఇది కోతకు, చెక్కడానికి అనువైనది. యంత్రంలో సాగదీసి తీసేది రెండవది. ధర తక్కువ, మందం సమంగా ఉంటుంది. కాని కోసేటప్పుడు వేడికి మెత్తబడి అంటుకుంటుంది. తుక్కును కరిగించి తిరిగి పోసిన షీట్లు కూడా వస్తున్నాయి. వీటి అంచును పక్కనుంచి చూస్తే తరచు పసుపు ఛాయ కనిపిస్తుంది.

పాలిస్టైరిన్‌ను అక్రిలిక్‌గా అంటగట్టే ప్రమాదమూ ఉంది. లీటరు నీటిలో 150 గ్రాముల ఉప్పు కరిగించి చిన్న ముక్క వేస్తే పాలిస్టైరిన్ తేలుతుంది, అక్రిలిక్ మునుగుతుంది.

ఎక్కడ ఏది?

మామూలు అక్రిలిక్ దెబ్బకు గాజు కన్నా ఎన్నో రెట్లు ఓర్చుకుంటుంది, పగిలినా గాజంత పదునైన పెంకులు కావు. రబ్బరు కణాలు కలిపిన ‘ఇంపాక్ట్’ రకం ఇంకా దృఢమైనది. అయితే ధర ఎక్కువ, పై పొర కొంత మెత్తన. రాయి దెబ్బకు తట్టుకోవాలంటే పాలీకార్బొనేటే మేలు. ఎండకు పచ్చబడకుండా పూత ఉన్నదే తీసుకోవాలి.

నగల కౌంటరు పైభాగానికి అక్రిలిక్ తగదు. గాజులు, నాణేలు రాసుకుంటే గీతలు పడతాయి. అక్కడ టఫెన్డ్ గాజు, పక్కలకు అక్రిలిక్ అనుకూలం. బరువు మోసే అరలకు వాడితే కాలక్రమాన వంగుతుంది.

ఈ ప్రాంతపు ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 25 డిగ్రీల ఉష్ణోగ్రత పెరిగితే 8 అడుగుల షీటు నాలుగు మిల్లీమీటర్ల పైగా సాగుతుంది. ఫ్రేములో ఖాళీ వదలక, స్క్రూ కన్నా పెద్ద రంధ్రం వేయక బిగిస్తే వంగడమో, చీలడమో తప్పదు. దీనికి తయారీదారును నిందించి ప్రయోజనం లేదు.

పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే గీతలు పడతాయి. సబ్బునీరు, మెత్తని గుడ్డ చాలు. థిన్నరు, స్పిరిటు, పెట్రోలు తగిలితే సన్నని పగుళ్లు తేలతాయి. ఇది మండే పదార్థం. పూజ దీపానికి, వేడెక్కే బల్బులకు దూరంగా ఉంచాలి. బట్టల దుకాణాలవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి.

నిల్వ పెట్టే వర్తకులు కాగితపు పొర తీయకుండా, నీడలో, చదునుగా ఉంచడం మంచిది. పోత రకమా కాదా, కొత్త ముడిసరుకా తుక్కా, కొలిచిన మందం ఎంత అనే మూడు వివరాలు బిల్లు మీద రాయించుకుంటే తర్వాత తగాదాలకు తావుండదు.